ధ్వనిలేఖనములందు ఫైలు విభజనము - పాఠపరిష్కరణ సమస్య

వాఙ్మయపరిశోధనమున పాఠనిర్ణయము ప్రథమకర్తవ్యము. లిఖితగ్రంథములకు తాళపత్రము లాధారములైనట్లే మౌఖికవాఙ్మయమునకు ధ్వనిలేఖనము లాధారములు. తాళపత్రముల స్వభావము నెఱుగనివాడు పరిష్కర్త కాజాలడు. పత్రము ముగిసినచోట పద్యము ముగియవలెనను నియమము లేదనియు, పదమధ్యముననే పత్రము ముగిసి తక్కిన యక్షరములు మఱుసటి పత్రమున మొదలగుట సామాన్యమనియు, నడుమ నొక పత్రము జారిపోయినచో గ్రంథపాత మేర్పడుననియు మన విద్యార్థులకు మొదటనే బోధింతుము. పత్రసంఖ్య చూడక పాఠము చదువరాదని హెచ్చరింతుము. ధ్వనిలేఖనముల విషయమున నిట్టి బోధ యంతగా జరుగుట లేదు. యంత్రము పనిచేసినది, శబ్దము వినబడుచున్నది, ఇక చింతింపవలసినదేమి యను భావమే తఱచుగా కానవచ్చును.

ఇప్పుడు క్షేత్రకార్యమునకు గొనిపోవుచున్న చేతి రికార్డరులందు ధ్వని ఫైళ్ల రూపమున కార్డుపై నిక్షిప్తమగును. ఒక ఫైలు నిర్ణీతప్రమాణమును చేరగానే యంత్రము దానిని ముగించి, తనంతట తానే మఱియొక ఫైలు నారంభించును. కథకుడు పాడుచునే యుండును. సంగ్రాహకుడు వినుచునే యుండును. ఈ విభజన మెవరికిని తెలియదు. ఈ విభజనము నెఱుగకపోవుటచే పాఠమున గలుగు దోషములను, వానిని పరిహరించు విధమును వివరించుట ఈ వ్యాసమున కుద్దేశము.

1. పూర్వసాధనముల పరిమితులు

ప్రతి సాధనమునకును ఒక హద్దు గలదు. 1874లో జె. ఏ. బాయిల్ ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికయందు తెలుగు వీరగీతములను గూర్చి ప్రకటించిన నాటికి చేతివ్రాతయే సాధనము. ఎడిసన్ 1877లో శబ్దలేఖనయంత్రమును నిర్మించిన పిదపనే కంఠధ్వనిని భద్రపఱచు వీలు కలిగెను. చేతివ్రాతకు గాయకుడు పాదపాదమునకు ఆగవలసియుండెను. ఆగి పాడిన పాట, ఆగక పాడిన పాట ఒకటి కావు; ఆగినచోట పునరుక్తులు తగ్గును, వంతలు జారును, లయ సడలును. లేఖకుని చేతి వేగమే నాటి పాఠమునకు హద్దు.

గ్రామఫోను పలకలు వచ్చిన తరువాత ఆ హద్దు కాలరూపమును దాల్చినది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పదియంగుళముల పలకపై ఒక్కొక్క వైపున సుమారు మూడు నిమిషముల ధ్వని మాత్రమే పట్టును. గ్రియర్సను నిర్వహించిన లింగ్విస్టిక్ సర్వే ననుసరించి 1913 మొదలు 1929 వఱకు భారతీయభాషల మాదిరులను గ్రామఫోను పలకలపై ముద్రించినప్పుడు, తప్పిపోయిన కుమారుని కథవంటి చిన్న పాఠములను గ్రహించుట కీ పరిమితికూడ అనుకూలించినది. రాత్రియెల్ల సాగు వీరగాథను అట్టి పలకపై నెక్కించుట యెట్లు?

అయస్కాంతపు టేపు ఈ హద్దును దూరముగా జరిపినది. ఏడంగుళముల చక్రమునకు చుట్టిన 1200 అడుగుల టేపు, క్షణమునకు మూడు ముప్పాతిక అంగుళముల వేగమున ఒక వైపున 64 నిమిషములు నడచును. ఇచట క్షణమనగా గడియారపు సెకను. క్యాసెట్టులలో 60 నిమిషములదానికి వైపునకు 30 నిమిషములు, 90 నిమిషములదానికి వైపునకు 45 నిమిషములు. ఆ కాలమున పరిశోధకుడు వాచీ చూచుకొనుచు కూర్చుండువాడు. టేపు ముగియవచ్చినదని తెలియగానే కథకునకు సైగచేయువాడు. లేదా కథ నడచుచుండగనే త్రిప్పివేసి, నడుమ పోయిన రెండు మూడు పాదములను పుస్తకమున గుఱుతు పెట్టుకొనువాడు.

ఆ పాతసాధనము లన్నింటికిని ఒక సామాన్యగుణ మున్నది. వాని హద్దు ప్రత్యక్షము. పలక ఆగినది, టేపు ముగిసినది - ఈ సంగతి సంగ్రాహకునకును, కథకునకును, కూడియున్న శ్రోతలకును తెలిసినదే. నేటి హద్దు పరోక్షము. అది అర్ధరాత్రమున చప్పుడు లేక వచ్చి పోవును. దాని జాడ ఫైలు పేరు చివరనుండు ఒక అంకె మాత్రమే. పూర్వముకన్న నేడు హద్దు మిక్కిలి దూరమున నున్నను, పూర్వముకన్న నేడే అది యెక్కువ ప్రమాదకరమగుటకు కారణ మిదియే.

2. విభజనమునకు కారణములు

డిజిటల్ పద్ధతిలో ధ్వనిని క్షణమునకు కొన్నివేలమార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా వ్రాసికొందురు. క్షణమునకు 48,000 మార్లు కొలిచి, ప్రతి కొలతను 24 బిట్లలో, అనగా 3 బైట్లలో వ్రాసి, కుడియెడమల రెండు మార్గములను నింపినచో క్షణమునకు 2,88,000 బైట్లు అవసరమగును. గంటకది 103 కోట్ల 68 లక్షల బైట్లు. ధ్వనిభాండాగారముల అంతర్జాతీయ సంఘమువారు మూలప్రతులకు 48,000 కొలతలు, 24 బిట్లు అనునవి కనీసప్రమాణములుగా సూచించియున్నారు. కావున మన లెక్కలకు దీనినే ప్రాతిపదికగా గ్రహింతము.

ఇట్లు వ్రాసిన అంకెలను నిలువ చేయు ఫైలు రూపములలో మిక్కిలి ప్రసిద్ధమైనది వేవ్. దీనిని 1991లో మైక్రోసాఫ్ట్, ఐ.బి.ఎం. సంస్థలు రూపొందించినవి. ఈ ఫైలు ఆరంభమున ఒక చిన్న పీఠిక యుండును. అందు కొలతల సంఖ్య, బిట్ల సంఖ్య, మార్గముల సంఖ్య, తరువాత వచ్చు ధ్వనిభాగపు పరిమాణము వ్రాయబడియుండును. పరిమాణమును వ్రాయుటకు కేటాయించిన చోటు నాలుగు బైట్లు, అనగా 32 ద్విసంఖ్యాస్థానములు. జమాఖర్చు పుస్తకమున మొత్తము వ్రాయుటకు తొమ్మిది గళ్లు మాత్రమే గీచియున్నచో, పదియంకెల మొత్తము నందు వ్రాయజాలము గదా. ఇదియు నట్టిదే. 32 స్థానములలో పట్టు గరిష్ఠసంఖ్య 429,49,67,295. దీనినే స్థూలముగా 4 జి.బి. అందురు. ఆ స్థానములలో నొకటి ధనఋణచిహ్నమునకు పోయినదని భావించి లెక్కించు కార్యక్రమములకు హద్దు అందు సగమగును. దానిని 2 జి.బి. అందురు. పెక్కు రికార్డరులు సురక్షితమని ఈ చిన్న హద్దునే పాటించుచున్నవి.

రెండవ కారణము కార్డుపై ఫైళ్లను అమర్చు పద్ధతియందున్నది. 1996లో వచ్చిన ఫ్యాట్ 32 అను పద్ధతిలోను ఫైలు పరిమాణమును వ్రాయుటకు 32 స్థానములే కలవు. కావున ఏ ఫైలును 4 జి.బి.లను మించి యుండరాదు. రెండు జి.బి.లకు పైబడి 32 జి.బి.ల వఱకు గల ఎస్.డి.హెచ్.సి. కార్డులు ఈ పద్ధతినే అనుసరించును. అంతకు మించిన ఎస్.డి.ఎక్స్.సి. కార్డులకు 2006లో వెలువడిన ఎక్స్‌ఫ్యాట్ అను పద్ధతి యేర్పడినది. దీనిలో ఫైలు పరిమాణమునకు మనకు తగులునంత హద్దు లేదు.

ఇచట ఒక భ్రాంతిని తొలగింపవలసియున్నది. పెద్ద కార్డు కొన్నచో విభజనము తప్పునని పలువు రనుకొందురు. కార్డు హద్దు తొలగినను వేవ్ పీఠిక హద్దు తొలగదు. బీరువా ఎంత పెద్దదైనను పుస్తకపు గళ్లు పెరుగవు గదా. ఆ హద్దును తొలగించుటకై ఐరోపా ప్రసారసంఘమువారు 64 స్థానములతో పరిమాణమును వ్రాయు ఆర్.ఎఫ్. 64 అను రూపమును ఏర్పఱచిరి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమువారు 2015లో బి.డబ్ల్యు. 64 అను రూపమును ప్రమాణీకరించిరి. రికార్డరు ఇట్టి రూపమున వ్రాయగలిగినప్పుడే కార్డు మార్చుటవలన ఫలము కలుగును.

రెండు మార్గముల ధ్వనికి హద్దు చేరు కాలము నీ క్రింద చూపుచున్నాము.

44,100 కొలతలు, 16 బిట్లు: 2 జి.బి.లకు 3 గంటల 22 నిమిషములు, 4 జి.బి.లకు 6 గంటల 45 నిమిషములు.
48,000 కొలతలు, 24 బిట్లు: 2 జి.బి.లకు 2 గంటల 4 నిమిషములు, 4 జి.బి.లకు 4 గంటల 8 నిమిషములు.
96,000 కొలతలు, 24 బిట్లు: 2 జి.బి.లకు 1 గంట 2 నిమిషములు, 4 జి.బి.లకు 2 గంటల 4 నిమిషములు.

ఒక మార్గమున మాత్రమే ముద్రించినచో ఈ కాలములు రెట్టింపగును. యంత్రములు హద్దునకు కొంచెము ముందుగనే ఫైలును ముగించుటయు కలదు; కావున నిమిషములలో స్వల్పభేద ముండవచ్చును.

ఎం.పి.3 మున్నగు సంక్షిప్తరూపములలో ఈ చిక్కు సామాన్యముగా రాదు. క్షణమునకు 16,000 బైట్లు వెచ్చించు ఎం.పి.3 ఫైలు 2 జి.బి.లను చేరుటకు 37 గంటలు పట్టును. అయినను సంక్షేపణమున చెవికి వినరాదని యంత్రము భావించిన ధ్వన్యంశములు విడువబడును. ఉచ్చారణభేదములను, నాదభేదములను పరిశీలింపగోరు మనకు అట్టి ప్రతి మూలప్రతిగా పనికిరాదు. విభజనమునకు భయపడి సంక్షేపణము నాశ్రయించుట, పత్రములు పెరుగునని గ్రంథమును కుదించి వ్రాసికొనుటవంటిది.

3. కథాగానమున విభజన స్థానము

ఈ లెక్కను మన క్షేత్రమునకు అన్వయింతము. పలనాటి వీరుల కథ, కాటమరాజు కథ, ఒగ్గువారు చెప్పు మల్లన్న, బీరప్పల కథలు దీర్ఘములు. రాత్రులకు రాత్రులు సాగునవి. అలిసెట్టి గాలెయ్య గానము చేసిన పలనాటి వీరుల కథ నాధారముగా గొని జీన్ రోఘెయిర్ రచించిన గ్రంథము 1982లో ఆక్స్‌ఫర్డునుండి వెలువడినది. ఒక్క కథకుని నోటి పాఠమే సమగ్రమైన గ్రంథమునకు చాలునని అది నిరూపించుచున్నది.

ఒక ఒగ్గుకథ రాత్రి 9 గంటలకు మొదలై తెల్లవారుజామున 3 గంటలకు ముగిసినదనుకొందము. 48,000 కొలతలు, 24 బిట్లు, రెండు మార్గములు అను ప్రమాణమున ఆ ఆరు గంటల ధ్వని 622 కోట్ల బైట్లకు మించును. రెండు జి.బి.ల హద్దు గల యంత్రము దానిని మూడు ఫైళ్లుగా విభజించును. మొదటి ఫైలు 11 గంటల 4 నిమిషములకును, రెండవది 1 గంట 8 నిమిషములకును ముగియును. ఆ 11 గంటల 4 నిమిషములకు కథ యెచట నుండునో యంత్రమునకు తెలియదు. అది యుద్ధవర్ణన మధ్యము కావచ్చును, పాదమధ్యము కావచ్చును, ఒక పేరులోని రెండక్షరముల నడుమ కావచ్చును.

కథకుని విరామములు వేఱు. అతడు పాటనుండి వచనమునకు దిగును, వంతలకు ఊపిరి నిచ్చును, మంచినీరు త్రాగును, చదివింపులు చదువును, హాస్యము చెప్పి నిద్రించువారిని మేల్కొలుపును. ఈ విరామము లెచట వచ్చినవి, ఎంతసేపు నిలిచినవి, వాని పిదప కథ ఏ పదముతో మరల అందుకొనబడినది - ఇవన్నియు మౌఖికరచనా శిల్పమునకు సాక్ష్యములు. ఘట్టవిభాగమును కథకు డెట్లు భావించునో వీనివలననే తెలియును. యంత్రము చేసిన విరామమును కథకుని విరామముగా భ్రమించుట సాక్ష్యమును చెఱచుటయే యగును.

కొన్నియేండ్ల క్రిందట ఒక విద్యార్థి మాకు చూపిన లిఖితప్రతి యీ సందర్భమున స్మరింపదగినది. అతడు తాను సేకరించిన కథను మూడు భాగములుగా వ్రాసి, ప్రతి భాగమునకును శీర్షిక నుంచి, కథకుని ఘట్టవిభజనశక్తిని గూర్చి ఒక ప్రకరణము వ్రాసియుండెను. మొదటి భాగము ముగింపున వాక్యము అసంపూర్ణము. దానిని అతడు శ్రోతలలో ఉత్కంఠను నిలుపు ఉపాయముగా వ్యాఖ్యానించెను. మేము ఫైళ్లను చూపుమని కోరితిమి. మొదటి రెండును పరిమాణమున సరిసమానములు. మూడవది మాత్రము చిన్నది. ఉపాయము కథకునిది కాదు, కార్డుది. ఆ ప్రకరణమును తొలగింపవలసివచ్చెను. తప్పు ఆ విద్యార్థిది మాత్రమే యనుట న్యాయము కాదు. అతనిని యంత్రమిచ్చి పంపిన మేము దాని స్వభావమును చెప్పియుండలేదు.

ఈ యనుభవమునుండి ఒక సులభపరీక్ష లభించుచున్నది. వరుసనున్న ఫైళ్లలో తుదిది తప్ప తక్కినవన్నియు సమపరిమాణములై, ఆ పరిమాణము 2 లేదా 4 జి.బి.లకు సమీపమున నున్నచో, ఆ విభజనము యంత్రకృతమని గ్రహింపవలయును. మనుష్యుడు ఆపి మరల మొదలిడిన ఫైళ్లు సరిసమానములగుట అరుదు. అయితే 64 ఎం.బి. మొదలు 2 జి.బి.ల వఱకు హద్దును మనమే యెన్నుకొనునట్టి యంత్రములును కలవు. అట్టిచో సమపరిమాణత్వమే గుఱుతు, సంఖ్య కాదు.

4. సంధిస్థానమున గ్రంథపాతము

ఒక ఫైలును మూసి మఱియొకటి తెఱచునపుడు ధ్వని పోవునా యనునది ముఖ్యప్రశ్న. చక్కగా నిర్మింపబడిన యంత్రము వచ్చుచున్న ధ్వనిని తాత్కాలికస్మృతియందు నిలిపికొని, కొత్త ఫైలు తెఱవగానే అందు వ్రాయును. ఒక్క కొలతయు పోదు. జూమ్ సంస్థవారి హెచ్6 రికార్డరు ఈ పద్ధతిలో విరామము లేక వ్రాసి, భాగములకు 0001, 0002 అను సంఖ్యలను చేర్చును. కాని అన్ని యంత్రములును ఇట్టివి కావు. కార్డు వేగము చాలకపోయినను, స్మృతి చిన్నదైనను సంధికాలమున కొంత ధ్వని జారవచ్చును.

జారునది స్వల్పమే కదా యని ఉపేక్షింపరాదు. ద్విపద పాదమున మూడింద్రగణములు, ఒక సూర్యగణము నుండును. వేగముగా సాగు పాటలో ఒక్క క్షణమున ఒక గణము పోవచ్చును. లిప్యంతరీకరణము చేయువాడు కొఱవడిన పాదమును జూచి మూడు విధములుగా పొరపడును. కథకుడు గణభంగము చేసెనని వ్రాయును. లేదా తనకు తోచిన పదముతో పూరించును. లేదా ఆ పాదమును విడిచివేయును. మొదటిది కథకునకు అన్యాయము, రెండవది పాఠమునకు అన్యాయము, మూడవది ఉభయులకును అన్యాయము. చదువుకొననివాడు ఛందస్సు తప్పునను అభిప్రాయము మనలో ముందే యుండుటచే మొదటి పొరపాటు సులభముగా ప్రబలును. యంత్రదోషమును నిరక్షరకవి కంటగట్టుటకంటె పరిశోధకునకు అపకీర్తి వేఱొకటి లేదు.

కావున రికార్డరును క్షేత్రమునకు గొనిపోవుటకు పూర్వమే పరీక్షింపవలయును. హద్దును ఎన్నుకొను వీలున్న యంత్రమైనచో దానిని మిక్కిలి చిన్న పరిమాణమున నిలిపి, క్షణమున కొకమారు తట్టు గడియారపు ధ్వనిని కొంతసేపు ముద్రింపవలయును. హద్దు మార్చరానిదైనచో మిక్కిలి హెచ్చు ప్రమాణమున ముద్రించినచో గంట కొంచెము దాటునప్పటికి విభజనము వచ్చును. పిదప రెండు ఫైళ్లను కంప్యూటరుపై చేర్చి, సంధికి రెండు ప్రక్కల తట్టుల నడిమి దూరమును కొలువవలయును. అన్నిచోట్లవలెనే సంధియందును దూరము సమముగా నున్నచో ఆ యంత్రము, ఆ కార్డు విశ్వాసపాత్రములు. దూరము తగ్గినచో ఎంత తగ్గినదో అంత ధ్వని పోయినదని యెఱుగునది. ఈ పరీక్షకు ఒక మధ్యాహ్నము చాలును. చేయకపోయినచో నష్టపడునది ఒక రాత్రి కథ.

ఐరోపా ప్రసారసంఘమువారు 1997లో ప్రకటించిన ప్రసార వేవ్ రూపమున పీఠికయందు అదనపు వివరములు కలవు. ముద్రణదినము, ముద్రణసమయము, అర్ధరాత్రమునుండి గడచిన కొలతల సంఖ్య అందు వ్రాయబడును. మొదటి ఫైలు ఆరంభసంఖ్యకు ఆ ఫైలునందలి కొలతల సంఖ్యను కూడినచో రెండవ ఫైలు ఆరంభసంఖ్య రావలయును. వచ్చినచో గ్రంథపాతము లేదు. ఇది పత్రసంఖ్యకన్న శ్రేష్ఠమైన సాక్ష్యము. పత్రసంఖ్య క్రమమును మాత్రమే తెలుపును, ఇది కొలతను సైతము తెలుపును.

5. విభజనమువలని మేలు

విభజనమును కేవలదోషముగా భావింపరాదు. వేవ్ ఫైలు పీఠికయందలి పరిమాణమును యంత్రము తుదిని, అనగా ఫైలును మూయునపుడు, సరిచేయును. బ్యాటరీ అయిపోయినను, కార్డు ఊడినను, ఆ పని జరుగక ఫైలు తెఱవరాని దగును. అంకెలు కార్డుపై నున్నను పీఠిక శూన్యమని చెప్పుచుండును. నిపుణులు కొన్ని సందర్భముల దానిని బాగుచేయగలరు, అన్నివేళల సాధ్యపడదు. ఆరు గంటల కథ ఒక్క ఫైలుగా నున్నచో ఆరు గంటలును అపాయమున పడును. రెండు గంటల భాగములుగా నున్నచో మూతపడిన భాగములు సురక్షితములు. నష్టము తుదిభాగమునకే పరిమితము. కావున విరామము లేక విభజించునని పరీక్షయందు తేలిన యంత్రమునందు విభజనము నుండనిచ్చుటయే వివేకము. మనము వారింపవలసినది విభజనమును కాదు. విభజనమును గూర్చిన అజ్ఞానమును.

6. సంధానవిధానము

మూలఫైళ్లను ఏ మార్పును లేక భద్రపఱుపవలయును. వానికి యంత్రమిచ్చిన పేర్లను మార్చవలసివచ్చినచో పూర్వనామమును పట్టికయందు వ్రాయవలయును. చేర్పు కార్యము ప్రతులపైననే జరుగవలయును. తాళపత్రములను కుట్టి పుస్తకముగా జేయక, వానినట్లే యుంచి ప్రతి వ్రాసికొన్నట్లే యిదియును.

రెండు ఫైళ్లను కేవలము ఒకదాని వెనుక నొకటి అంటించుట తగదు. రెండవదాని పీఠికకూడ ధ్వనియని భావింపబడి సంధియందు టక్కుమను అపశబ్దము పుట్టును. ఆడాసిటీ వంటి ధ్వనిసంస్కరణ సాధనమున రెంటిని తెఱచి, మొదటిదాని తుదికి రెండవదాని ఆదిని సరిగా తాకించి, కొత్త ఫైలుగా వ్రాయవలయును. చేర్చిన ఫైలు 4 జి.బి.లను మించునెడల సాధారణ వేవ్ రూపము పనికిరాదు, ఆర్.ఎఫ్. 64 రూపమున వ్రాయవలయును, లేదా భాగములుగనే యుంచి క్రమమును పట్టికయందు చూపవలయును. శబ్దస్థాయిని హెచ్చించుట, రొదను తగ్గించుట మున్నగునవి భాగభాగమునకు వేఱువేఱుగా చేసినచో సంధియందు స్థాయిభేదము పుట్టి, కథకుడు హఠాత్తుగా గొంతు మార్చెనను భ్రమ గలిగించును. అట్టి సంస్కారములు చేర్పు ముగిసిన తరువాతనే చేయవలయును.

ఎం.పి.3 భాగములకు మఱియొక చిక్కు గలదు. ఆ రూపమున ధ్వని 1152 కొలతల ముక్కలుగా నుండును. ప్రతి ఫైలు మొదట, చివర కొంత నిశ్శబ్దము చేరును. కావున వానిని చేర్చినప్పుడు సంధియందు లయ తొట్రుపడుట కలదు. ఇది కథకుని తాళదోషముగా లెక్కింపబడరాదు.

7. క్షేత్రమున పాటింపదగిన నియమములు

ముద్రణమునకు ముందు యంత్రపు గడియారమును సరిచేయవలయును. బ్యాటరీ తీసినప్పుడు కొన్ని యంత్రముల గడియారము తొలిదినమునకు మరలును. అప్పుడు ఫైళ్ల క్రమము తాఱుమాఱగును. ఏ ప్రమాణమున ముద్రించుచున్నామో, దానికి హద్దు ఎన్ని గంటలలో వచ్చునో ముందే లెక్కించి పుస్తకమున వ్రాసికొనవలయును. హద్దు సమీపించినప్పుడు కథకుని ఆపరాదు; ఆపిన పాట వేఱుపాట యగునని ముందే చెప్పితిమి. అతడు తనంతట తాను విశ్రమించినప్పుడు, విరామము లేని విభజనము తెలియని యంత్రమైనచో, ఫైలును ముగించి కొత్తది మొదలిడవచ్చును. అయినను ఆ విరామమున జరిగిన సంభాషణమును, చదివింపులను పుస్తకమున వ్రాయవలయును. వీలున్నచో రెండవ రికార్డరును కొన్ని నిమిషముల తరువాత ఆరంభించి నడుపుట యుత్తమము. ఒకదాని సంధి మఱియొకదాని మధ్యమున పడును, పోయిన పాదము రెండవదానిలో లభించును. తాళపత్రప్రతులు రెండున్నప్పుడు ఒకదాని గ్రంథపాతమును మఱియొకదానితో పూరించునట్లే.

లిప్యంతరీకరణమున సంధిస్థానమును తప్పక చూపవలయును. పాఠమును భగ్నము చేయక, పంక్తిమధ్యమున ఒక చిన్న గుఱుతుంచి, అంచున ఫైలు సంఖ్య వ్రాసిన చాలును. పూర్వలేఖకుడు పత్రసంఖ్యను అంచున వ్రాసెనే కాని పద్యమధ్యమున వ్రాయలేదు. సంధియందు ధ్వని పోయినదో లేదో, పరీక్ష యెట్లు జరిగినదో పీఠికయందు తెలుపవలయును. సిద్ధాంతవ్యాసములను పరీక్షించు ఆచార్యులును లిఖితపాఠముతోపాటు ఫైళ్ల పట్టికను, పరిమాణములతో సహా, కోరుట మంచిది. ఆ పట్టికను జూచుటకు రెండు నిమిషములు చాలును.

యంత్రము మారును. ఇప్పటి హద్దు తొలగి మఱియొక హద్దు వచ్చును. ఆకు పొడవు, పలక చుట్టు, టేపు నిడివి, ఫైలు పరిమాణము - ఇవి యన్నియు పాఠమును మోయు వాహనముల కొలతలే కాని పాఠము కొలతలు కావు. వాహనపు కొలత నెఱిగినవాడే పాఠపు కొలతను వేఱుపఱుపగలడు. ఒక రాత్రి యంతయు నిలుచుండి పాడిన కథకుడు ఎచట ఆగెనో అచటనే మన గ్రంథమును ఆగనిత్తుము గాక. అతడాగనిచోట మనము ఆపకుందుము గాక.